గొట్టం నుంచి తల్లి రొమ్ముకు: ఒక సింహావలోకనం

శంఖినీ డంకినీ నదుల కూడలిలో, దంతేశ్వరి అమ్మవారి గుడి చుట్టూ పెరిగిన దంతెవాడ తెలుగువారికి కొత్త ఊరేమీ కాదు. 1323లో ఓరుగల్లు కూలిపోయాక కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇటు వచ్చి రాజ్యం నిలిపాడని బస్తర్ రాజవంశ గాథ చెబుతుంది. ఆరు శతాబ్దాలు గడిచాక, బైలదిలా కొండల ఇనుపరాయి కోసం వేసిన కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం ఈ అడవిని విశాఖపట్నంతో మళ్ళీ ముడివేసింది. రాజుల రాకపోకలకూ రాయి రవాణాకూ చరిత్రకారులు దొరికారు. ఈ నేలమీద నెలలు నిండకుండా పుట్టిన పసికందులు ఎలా బతికారు, ఎవరు బతికించారు అన్న కథ మాత్రం అంతగా రాతకెక్కలేదు. ఆ కథలోనూ ఒక ఘట్టం మరీ మరుగున పడింది. సన్నటి గొట్టంతో పొట్టలోకి పాలు పోయించుకుంటున్న బిడ్డను మెల్లగా తల్లి రొమ్ముకు అలవాటు చేసే ఘట్టమది. వెచ్చని పెట్టె కనిపెట్టినవారి పేర్లు, గొట్టం వేయడం నేర్పినవారి పేర్లు ప్రపంచ వైద్యచరిత్రలో ఉన్నాయి. ఆ గొట్టం తీసే రోజు దాకా బిడ్డను నడిపించినవాళ్ళు చాలావరకు మంత్రసానులు, నర్సులు, తల్లులు. పారిస్ నుంచి దంతెవాడ దాకా ఈ నూట నలభై ఏళ్ళ ప్రయాణాన్ని వాళ్ళ వైపు నిలబడి చూస్తే మనకు తెలిసిన చరిత్ర కాస్త వేరుగా కనిపిస్తుంది.

అసలు సమస్య ఎక్కడుందో ముందు చెప్పుకోవాలి. పాలు తాగడం మనకు తేలికపనిలా కనిపిస్తుంది గానీ, పసిబిడ్డ పాలిట అది మూడు పనుల కలయిక. చప్పరించాలి, మింగాలి, మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఈ మూడూ ఒక వరసలో జరగకపోతే పాలు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గర్భం మొదలైన నాటి నుంచి లెక్కిస్తే సుమారు 34 వారాలు గడిస్తే గాని ఈ మూడింటికీ పొంతన కుదరదు. చప్పరించే కదలికలు అంతకు చాలా ముందే మొదలవుతాయి, బలమే చాలదు. అందుకే ఏడో నెలలో పుట్టిన బిడ్డ ఆకలితో ఉన్నా గట్టిగా ఏడవదు, రొమ్ము నోటికిచ్చినా రెండు గుక్కలకే అలసి నిద్రలోకి జారిపోతుంది. ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు అని మన ఊళ్ళలో పెద్దవాళ్ళు అనేవారు. వింతేమిటంటే ప్రాచీన గ్రీకులూ ఇదే మాట నమ్మారు. శాస్త్రం దీన్ని ఒప్పుకోదు. గర్భంలో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. తొలి రోజుల్లో తేనె, నెయ్యి నాకించి ఆ తర్వాతే పాలివ్వమని సుశ్రుత సంహిత చెప్పింది. ఆముదమో పంచదార నీళ్ళో పోసి, ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు తెలుగుదేశంలో చాలా కుటుంబాల్లో నిన్నమొన్నటి దాకా సాగింది. అలాంటి కాలంలో నెలలు నిండని బిడ్డకు దక్కిన ఒకే ఒక మంచి పనిముట్టు ఉగ్గుగిన్నె. సన్నటి మూతి ఉన్న ఆ చిన్న గిన్నెతో పెదవి మీద చుక్క చుక్కగా పాలు జార్చే నేర్పు దక్షిణాదిలో ప్రతి అమ్మమ్మకూ ఉండేది. ఆ గిన్నె చాలా ఏళ్ళ తర్వాత ఆసుపత్రుల్లోకి నడిచివచ్చింది. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

ఆధునిక అధ్యాయం పారిస్‌లో తెరుచుకుంది. అక్కడి ప్రసూతి ఆసుపత్రి మెటర్నిటేలో వైద్యుడైన స్టెఫాన్ టార్నియే, జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే పెట్టెను చూసి అలాంటిది పసిబిడ్డలకు కూడా చేయించాడు. 1880ల ఆరంభంలో ఆ పెట్టెలు వార్డులోకి వచ్చాయి. కొద్దికాలానికే ఆయన రెండో పద్ధతి ప్రవేశపెట్టాడు. మెత్తటి రబ్బరు గొట్టాన్ని నోటి గుండా పొట్టలోకి దింపి, పైన చిన్న గరాటు పెట్టి, పాలిచ్చే దాదుల నుంచి పిండిన పాలు పోయించడం. పెట్టె వెచ్చదనమిచ్చింది, గొట్టం తిండి పెట్టింది. అంతకుముందు చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చిన చోట చాలామంది పిల్లలు నిలబడ్డారు. 1893లో అదే ఆసుపత్రిలో ప్రధాన మంత్రసాని మదాం ఆన్రీ బలహీన శిశువుల కోసం ప్రత్యేక విభాగం నెలకొల్పింది. ఆ తర్వాత దాని బాధ్యత తీసుకున్న పియేర్ బుడేన్ ఈ కథకు మొదటి మలుపు తిప్పాడు. పెట్టెలో ఉన్న బిడ్డకూ తల్లికీ మధ్య రోజులు గడిచేకొద్దీ మమకారం పలచబడటం ఆయన గమనించాడు. పెట్టెకు అద్దాలు పెట్టించి తల్లి చూసే వీలు కల్పించాడు, తల్లులను లోపలికి రానిచ్చాడు. ఇంకో ఉపాయం మరీ ఆశ్చర్యం గొలుపుతుంది. బలహీనమైన బిడ్డ చప్పరించలేకపోతే తల్లికి పాలు ఇంకిపోతాయి కదా. అందుకని ఆ తల్లి చేత నెలలు నిండి పుట్టిన వేరే బిడ్డకు కూడా పాలిప్పించి పాలు నిలిచేలా చేశాడు. గొట్టం తీసే రోజున తల్లి దగ్గర పాలుండాలి అన్న ఈ ముందుచూపు 1900లో అచ్చయిన ఆయన పుస్తకంలో స్పష్టంగా ఉంది. తర్వాతి అరవై ఏళ్ళు ప్రపంచం దాన్ని మరిచిపోయింది.

మరుపు ఎలా మొదలైందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మార్టిన్ కూనీ అనే ఆయన ఈ పెట్టెలను, అందులో పిల్లలతో సహా, 1896లో బెర్లిన్ ప్రదర్శనకు తీసుకెళ్ళి టికెట్టు పెట్టి చూపించాడు. ఆ తర్వాత అమెరికా చేరి న్యూయార్క్ కోనీ ఐలండ్ వినోదశాలలో 1903 నుంచి 1943 దాకా నడిపాడు. చూడవచ్చినవాళ్ళ డబ్బుతో ఖర్చు గడిచేది, తల్లిదండ్రుల దగ్గర పైసా పుచ్చుకునేవాడు కాదు. నిజం చెప్పాలంటే, ఆసుపత్రులు పట్టించుకోని పిల్లలను ఆయన నర్సులు బతికించారు. దాదుల పాలు వాడేవారు, చప్పరించలేని పిల్లలకు చిన్న చెంచాతో ముక్కు గుండా పాలు జార్చేవారు. అయినా ఆ ఏర్పాటులో తల్లి బయటి మనిషే. 1922లో షికాగోలో జూలియస్ హెస్ నెలలు తక్కువ శిశువుల కోసం ఆసుపత్రిలోనే విభాగం తెరిచినప్పుడు ఆ పని గౌరవం సంపాదించుకుంది. అక్కడ హెస్‌కు కుడిభుజంగా నిలిచిన నర్సు ఎవలిన్ లుండీన్ శుభ్రత విషయంలో ఇనుప క్రమశిక్షణ పాటించేది. 1941లో హెస్‌తో కలిసి ఆమె వెలువరించిన పుస్తకం ఒక తరం నర్సులకు పాఠమైంది. ఒకరి నుంచి ఒకరికి జబ్బు అంటుతుందన్న భయం ఆ రోజుల్లో నిజమైనదే, యాంటీబయాటిక్కులు ఇంకా చేతికి రాలేదు. ఆ భయం కొద్దీ తల్లిని తలుపు బయట నిలబెట్టారు. 1940ల్లో, 50ల్లో ఇంకో ఆలోచన వచ్చింది. పొలమారుతుందని తొలి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు కూడా బిడ్డకు ఏమీ పట్టకుండా ఉంచేవారు. అప్పటికి మెత్తటి ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి, డబ్బాపాలు వచ్చాయి, సీసాలు వచ్చాయి. గొట్టం తీశాక బిడ్డ వెళ్ళేది సీసాకే. రొమ్ముకు వెళ్ళాలంటే ముందు సీసా నుంచి తాగడం రావాలి అనే నియమం ఎవరు పెట్టారో గాని, అది పాశ్చాత్య ఆసుపత్రుల్లో ఎదురులేకుండా చెల్లింది.

ఆ కాలమంతా బస్తర్ మరో లోకం. 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు అణచివేతతో రక్తసిక్తమైన నేల అది. 1927 నుంచి కొన్నేళ్ళు ఇక్కడ పాలనాధికారిగా పనిచేసి, ఆ తర్వాత నిజాం కొలువులో హైదరాబాద్ చేరిన గ్రిగ్‌సన్ 1938లో మారియా గోండుల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. దంతెవాడ ప్రాంతపు మారియాల మధ్య తిరిగిన వెరియర్ ఎల్విన్ తర్వాతి దశకంలో తన పుస్తకాలు వెలువరించాడు. ఆచారాలు, నాట్యాలు, న్యాయాలు, హత్యలు అన్నీ రాసిన ఆ తరం దృష్టి నెలలు తక్కువ బిడ్డ మీద నిలవలేదు. అప్పట్లో దంతెవాడ ఒక తహసీలు కేంద్రం. కాస్త పెద్ద వైద్యం కావాలంటే జగదల్‌పూర్ మహారాణీ ఆసుపత్రికి వెళ్ళాలి, దారి అడవి, మధ్యలో వాగులు. కాన్పు ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద. జబ్బు చేస్తే సిర్హా, గునియా అనే ఊరి వైద్యులే దిక్కు. బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని పనికి వెళ్ళడం ఇక్కడి తల్లులకు నిత్యకృత్యం. దీన్ని చూసి, బిడ్డను తల్లి గుండెలకు కట్టి సాకే కంగారూ పద్ధతిని ఆదివాసులు ముందే కనిపెట్టారని ఈమధ్య కొందరు ఉత్సాహపడుతున్నారు. ఆ ఉత్సాహం నాకు అంతగా రుచించదు. గుడ్డ కట్టుకోవడం తెలిసినంత మాత్రాన కిలోంబావు బిడ్డ నోటికి పాలు అందవు. అలాంటి పిల్లలు చాలామంది పోయారు, వాళ్ళను లెక్కపెట్టినవాళ్ళు లేరు. 1960ల చివర బైలదిలా గనులు తెరుచుకుని కిరందుల్, బచేలీ పట్టణాలు లేచాయి. తెలుగు కార్మికులు, ఉద్యోగులు కుటుంబాలతో సహా వచ్చి స్థిరపడ్డారు. గనుల సంస్థ ఆసుపత్రులు వచ్చాయి, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి రైలు దారి దొరికింది. కొండ మీది కాలనీకీ కొండ కింది పల్లెకూ మధ్య ఉన్న దూరం మాత్రం కిలోమీటర్లలో కొలిచేది కాదు.

పాత నియమాలకు పగులు పెట్టినవి రెండు వేర్వేరు గాలులు. ఒకటి సంపన్న దేశాల నుంచి వీచింది. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో క్లిఫర్డ్ బార్నెట్ బృందం తల్లులను శిశు విభాగంలోకి రానిచ్చి చూసింది. అంటువ్యాధులు పెరుగుతాయన్న భయం నిజం కాలేదు. మార్షల్ క్లాస్, జాన్ కెనెల్ తల్లీబిడ్డల అనుబంధం మీద ఆ దశకమంతా పనిచేసి 1976లో పుస్తకం ప్రచురించారు. రెండో గాలి పేదరికం నుంచి వచ్చింది. కొలంబియా రాజధాని బొగోటాలో మాతా శిశు ఆసుపత్రి కిక్కిరిసిపోయి, ఒక్కో ఇంక్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లలను పడుకోబెట్టవలసి వచ్చింది. ఒకరి జబ్బు ఇంకొకరికి సోకి పోతున్నారు. 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా, మరుసటి ఏడు ఆయనతో చేరిన హెక్టర్ మార్టినెజ్ వేరే దారి లేక బిడ్డను తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా కట్టించారు. తల్లిపాలే ఇచ్చారు, త్వరగా ఇంటికి పంపి మళ్ళీ మళ్ళీ పిలిచి చూశారు. కంగారూ సంరక్షణ అని పేరుపడిన ఈ పద్ధతి తొలి ఏళ్ళలో గొప్ప దేశాల వైద్యులకు లేనివాళ్ళ సర్దుబాటుగానే కనిపించింది. ఇక్కడే అసలు మలుపు ఉందని నా అభిప్రాయం. రొమ్ముకు దగ్గరగా రోజంతా ఉన్న బిడ్డ తనంతట తాను నాకుతుంది, తలతిప్పి వెతుకుతుంది, ఒకరోజు అందుకుంటుంది. పెట్టెలో ఉన్న బిడ్డకు ఆ అవకాశమే లేదు. బిడ్డకు చేతకాదని అర్ధశతాబ్దం పాటు అనుకున్నది నిజానికి అవకాశం ఇవ్వకపోవడమే.

దీన్ని ఓపికగా రుజువు చేసినవాళ్ళలో ముందు వరస నర్సులదే. అమెరికాలో పౌలా మయర్ 1980ల్లో నెలలు తక్కువ పిల్లలకు సీసా పట్టినప్పుడూ తల్లి రొమ్ము ఇచ్చినప్పుడూ రక్తంలో ప్రాణవాయువు ఎలా మారుతోందో పక్కపక్కన కొలిచింది. సీసాతో పడిపోతోంది, రొమ్ము దగ్గర నిలకడగా ఉంటోంది. సీసా సులువు, రొమ్ము కష్టం అన్న పాత సూత్రం తలకిందులైంది. స్వీడన్‌లోని ఉప్సాలలో కెర్స్టిన్ హెడ్‌బర్గ్ నీక్విస్ట్ 1990ల్లో తల్లుల పక్కన కూర్చుని పిల్లల ప్రతి కదలికా నమోదు చేసింది. నోరు తెరిచి వెతకడం, చనుమొన అందుకోవడం 28 వారాలకే కనిపిస్తోందని తేల్చింది. నెలలు తక్కువ బిడ్డ తాగే తీరును కొలిచే పట్టికను తయారు చేసింది. మన దేశంలో ఈ బాట వేసినవారు ఢిల్లీ వైద్యురాలు ఇందిరా నారాయణన్. తక్కువ బరువు పిల్లలకు తల్లిపాలు ఇస్తే అంటువ్యాధులు తగ్గుతాయని ఆమె బృందం 1980లోనే లాన్సెట్ పత్రికలో చూపించింది. 1991లో అచ్చయిన మరో పరిశోధన మన విషయానికి గుండెకాయ లాంటిది. గొట్టంతో పాలు పోస్తున్నప్పుడే, పాలు పిండేసి ఖాళీ చేసిన రొమ్మును బిడ్డ నోటికివ్వడం. పాలు ధారగా రావు కనుక పొలమారే భయం లేదు. చప్పరించే అలవాటూ, చప్పరిస్తే పొట్ట నిండుతుందన్న ఎరుకా రెండూ కలుగుతాయి. ఇలా చేసిన తల్లులు తర్వాత పాలివ్వడంలో మెరుగ్గా నిలిచారు. ఖరీదు సున్నా. ముంబైలో సయాన్ ఆసుపత్రిలో ఆర్మిడా ఫెర్నాండెజ్ డబ్బాపాలకు స్వస్తి చెప్పి 1989లో దేశంలోనే తొలి తల్లిపాల బ్యాంకు తెరిచారు. 1992లో పార్లమెంటు డబ్బాపాలు, పాలసీసాల ప్రచారాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. మన ఉగ్గుగిన్నె కూడా ఈ దశకంలోనే దక్షిణాది పేరు పాలడతో ఢిల్లీ వార్డులకెక్కి, సీసాతోనూ కప్పుతోనూ పోటీపడి పరిశోధన పత్రాలకెక్కింది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పాలబ్యాంకు 2017లో వచ్చింది.

ఇప్పుడు వార్డులో ఈ పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే చరిత్ర అంతా చివరికి ఈ చేతుల్లోకే వచ్చి చేరింది. ఏడున్నర నెలలకు పుట్టిన కిలో పైచిలుకు బిడ్డ. నర్సు సన్నటి గొట్టాన్ని బిడ్డ నోటి మూల నుంచి చెవి దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కొసకూ బొడ్డుకూ నడుమ దాకా కొలిచి గుర్తు పెడుతుంది, ఆ గుర్తు దాకా దింపి చెంపకు టేపు వేస్తుంది. తోపుడు కాడ తీసేసిన సిరంజిని గొట్టానికి తగిలించి జానెడు ఎత్తున పట్టుకుంటుంది. పాలు తమ బరువుకు తామే దిగాలి, ఎవరూ తోయకూడదు. మొదటి రోజు రెండు గంటలకోసారి అయిదారు మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూనెడు. ఆ టీస్పూనెడు కోసం బాలింత రాత్రీపగలూ కలిపి కనీసం ఎనిమిది సార్లు పాలు పిండాలి. కాన్పయిన తొలి గంటల్లోనే మొదలుపెట్టకపోతే తర్వాత ఎంత తంటాలు పడ్డా పాలు పుంజుకోవడం కష్టం. మొదట చేతికి వచ్చేది గిన్నె అడుగు తడిసేన్ని ముర్రుపాలే. అవి పారబోయకుండా బిడ్డ బుగ్గల లోపల రాస్తారు. బిడ్డ ఊపిరి కుదుటపడగానే తల్లి గుండెల మీద కట్టిస్తారు. గొట్టం పాలు దిగుతుండగా ఖాళీ రొమ్ము నోటికి తగిలిస్తారు. కొన్నాళ్ళు నాకడమే, కొన్నాళ్ళు నోట్లో పెట్టుకుని నిద్రపోవడమే. ఆ తర్వాత ఒకరోజు రెండు మూడు సార్లు వరసగా చప్పరించి ఆగుతుంది. ఆగింది కదా అని తల్లి చెంప గిల్లి లేపబోతుంది, నర్సు వారిస్తుంది. బిడ్డ ఆగింది ఊపిరి కోసం. పెదవులు నీలం తిరిగితే, ముక్కుపుటాలు ఎగసిపడితే ఆ పూటకు చాలు. మింగిన చప్పుడు చిన్నగా వినిపించడం మొదలైతే నర్సు ముఖం వెలుగుతుంది. గర్భం మొదలైన నాటి నుంచి లెక్కిస్తే 32 వారాలు దాటాక గొట్టం పూటలు తగ్గించి ఉగ్గుగిన్నె పూటలు పెంచుతారు, 34 దగ్గర పడేకొద్దీ రొమ్ము పూటలు పెంచుతారు. తల్లి కుడి రొమ్ము ఇస్తుంటే ఎడమ చేత్తో బిడ్డ మెడ వెనుక, చెవుల కింద ఆనిస్తుంది, ఎందుకంటే ఆ తల ఇంకా తన బరువు తాను మోయలేదు. రోజూ ఒకే తక్కెడ మీద, ఒకే వేళకు తూకం. రోజుకు కిలోకు పదిహేను గ్రాముల చొప్పున పెరుగుతుంటే దారి సరైనదే. రెండు రోజులు వరసగా తగ్గితే మళ్ళీ గిన్నె, అవసరమైతే మళ్ళీ గొట్టం. వెనక్కి వేసిన ఆ అడుగు తల్లికి ఓటమిలా తోస్తుంది. నాకు పాలు చాలడం లేదు అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది అప్పుడే. ఆ మాటకు ఆమె భాషలో జవాబు చెప్పగల మనిషి పక్కన ఉంటే సగం వైద్యం అయినట్టే.

బస్తర్‌లో ఆ భాష గోండి కావచ్చు, హల్బీ కావచ్చు, దక్షిణాన కొంటా వైపు దోర్లీ, తెలుగు కావచ్చు. ఈ సంగతి గ్రహించిన ప్రయోగం దంతెవాడకు పడమటి దిక్కున, సరిహద్దు అవతల గడ్చిరోలిలో జరిగింది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990ల్లో పల్లె మహిళలకే శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే నవజాత శిశువులను చూసుకునే పద్ధతి నడిపారు. బిడ్డను వెచ్చగా ఉంచే సంచీ, తూకం వేసే కాటా, పిండిన పాలు చెంచాతో పట్టే ఓర్పు. 39 పల్లెల్లో మూడో ఏటికల్లా తొలి నెల శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ ప్రచురించింది. 1998లో దంతెవాడ జిల్లా అయింది, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమైంది, 2002లో ఆ కొత్త రాష్ట్రం పల్లెపల్లెకూ మితానిన్ అనే ఒక మహిళా ఆరోగ్య కార్యకర్తను నిలిపే పథకం మొదలుపెట్టింది. దేశానికి ఆశా కార్యకర్తలు రావడానికి మూడేళ్ళ ముందు మాట ఇది. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో వచ్చిన ప్రత్యేక నవజాత శిశు విభాగం మరో నమూనా అయింది. నగరంలోని పెద్దాసుపత్రికి పరుగెత్తకుండా జిల్లా కేంద్రంలోనే, స్థానికంగా తర్ఫీదు పొందిన మనుషులతో నడిచే విభాగం అది. 2011 తర్వాత ఇవి దేశమంతా పరుచుకున్నాయి, దంతెవాడ జిల్లా ఆసుపత్రికీ వచ్చింది. 2013లో 102 నంబరు మహతారీ ఎక్స్‌ప్రెస్ బళ్ళు తిరగసాగాయి. 2014లో కేంద్రం కంగారూ సంరక్షణకూ తక్కువ బరువు పిల్లల పాలకూ ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. పారిస్‌లో బుడేన్ అన్నదే అందులో మళ్ళీ వినిపిస్తుంది, ఈసారి ప్రభుత్వ ముద్రతో.

ఈ వరస చూసి అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. 2005 నుంచి దంతెవాడ మండిపోయింది. మావోయిస్టులకూ, వాళ్ళకు ఎదురు లేచిన సల్వాజుడుం దళాలకూ మధ్య పోరులో పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, కొందరు సరిహద్దు దాటి భద్రాచలం, ఖమ్మం అడవులకు చేరారు. 2007లో బీజాపూర్, 2012లో సుక్మా వేరే జిల్లాలయ్యాయి. దక్షిణపు పల్లెల గర్భిణులు నేటికీ భద్రాచలం ఆసుపత్రి గడప తొక్కుతుంటారు. నెలలు నిండకుండా కాన్పులు కావడానికీ, తక్కువ బరువుకూ ఇక్కడ ఒక పాత శత్రువుంది, మలేరియా. గర్భిణికి సోకితే ఆ పరాన్నజీవి మాయలో చేరి బిడ్డకు అందే పోషణను అడ్డుకుంటుంది. రక్తహీనత దానికి తోడు. జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటికీ వెళ్ళి అందరికీ రక్తపరీక్ష చేసే మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమం 2020 జనవరిలో మొదలైంది. గొట్టం అవసరమయ్యే పిల్లల సంఖ్యనే తగ్గించే పని కాబట్టి దీన్నీ ఈ చరిత్రలో భాగంగానే చూడాలి. ఎంత నేర్పుతో పాలు పట్టినా దోమతెర చేసే పని అది చేయలేదు.

2021లో వచ్చిన ఒక పరిశోధన ఈ కథను మళ్ళీ కదిలించింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఆసుపత్రుల్లో కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లలు మూడు వేల మందికి పైగా అందులో చేరారు. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద ఉంచితే, తొలి నెల మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు మార్చుకుంది. దీనికి కావలసింది యంత్రం కాదు, శిశు విభాగం లోపల తల్లికి మంచం. వినడానికి చిన్న మార్పే గానీ, తల్లిని తలుపు బయట చెప్పుల వరసలో కూర్చోబెట్టే అలవాటు మీద కట్టిన భవనాల్లో ఆ మంచానికి చోటు వెతకడం ఇంజనీరుకు తలనొప్పి, లెక్కల గుమాస్తాకు అంతకన్నా పెద్ద తలనొప్పి. దంతెవాడ లాంటి చోట ఇంకో చిక్కుంది. వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలే రోజులు, ఆ వెనకే తునికాకు కోత. ఏడాది చేతిఖర్చు ఆ కొద్ది వారాల్లోనే సంపాదించుకోవాలి. ఇంటి దగ్గర మిగతా పిల్లలుంటారు. నెల రోజులు ఆసుపత్రిలో ఉండమంటే బాలింత మనసు ఇంటి వైపు లాగదా? బిడ్డకు రొమ్ము పట్టడం వచ్చీరానట్టుండగానే వెళ్ళిపోయే కుటుంబాలను మొండివాళ్ళని తిట్టడం తేలిక. కూలి నష్టానికి పరిహారం, తోడు వచ్చిన అత్తకో ఆడపడుచుకో అన్నం, తండ్రి కూడా బిడ్డను గుండెల మీద కట్టుకోవచ్చని నేర్పడం, ఇవి చేసినచోట తల్లులు నిలుస్తారు.

ఇంటికి వెళ్ళాక పని మితానిన్ చేతికి వస్తుంది. ఇంటింటి నవజాత సంరక్షణ పద్ధతి ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డనైతే నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో పుట్టిన బిడ్డనైతే ఏడుసార్లు చూడాలి. తక్కువ బరువు పిల్లలకు ఆ మీదట కూడా కొనసాగాలి. ఆమె సంచీలో వేలాడదీసే కాటా, థర్మామీటర్, గడియారం, చెంచా ఉంటాయి. ఇంట్లోకి వెళ్ళగానే పాలు తాగుతోందా అని అడిగి, అవుననగానే రాసుకుని లేచిపోతే ఆమె రాక వృథా. తన ముందే ఒకసారి పాలివ్వమనాలి, మింగే చప్పుడు వినాలి, రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతోందో అడగాలి, రాత్రి లేపి ఇస్తున్నారో లేదో కనుక్కోవాలి, ఎవరైనా సీసా కొనిపెట్టారేమో గూట్లోకి ఒక చూపు చూడాలి. బరువు కిందటిసారి కన్నా తగ్గితే పిండిన పాలు గిన్నెతో పట్టడం మళ్ళీ మొదలుపెట్టించాలి. బిడ్డ ఒళ్ళు చల్లబడి, చప్పరించడమే మానేస్తే 102కు ఫోను చేసి, బండి వచ్చేదాకా తల్లి గుండెలకు కట్టించి, తాను కూడా ఎక్కి జిల్లా ఆసుపత్రికి తీసుకుపోవాలి.